పద్నాలుగు నిమిషాల గస్తీ

అపరాధ పరిశోధన అనగానే తెలుగు చదువరుల మనసులో మెదిలేది కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్. ఆయనకు పెదతాత వంటి షెర్లాక్ హోమ్స్ 1887 చివరిలో, 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' అనే నవలతో లండన్‌లో పుట్టాడు. తొలి ప్రవేశంలోనే అతడు ఒక రసాయనం కనిపెట్టి గంతులు వేస్తుంటాడు. మరక రక్తానిదో కాదో ఒక్క చుక్కతో తేల్చే రసాయనమది. సరిగ్గా ఆ మరుసటి ఏడాది, అదే లండన్ నగరపు తూర్పు భాగంలో, వైట్‌చాపెల్ అనే పేద పేటలో వరుసగా స్త్రీలు హత్యకు గురయ్యారు. హోమ్స్ చేతిలోని రసాయనం అక్కడి పోలీసుల చేతిలో లేదు. హంతకుడు దొరకలేదు. ఈనాటికీ అతడెవరో నిర్ధారణ కాలేదు.

"ఎవరు?" అన్న ప్రశ్న మీద నూట ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. రాజకుమారుడి నుంచి చిత్రకారుడి దాకా అనుమానితుల జాబితాకు అంతులేదు. నాకు ఆ ప్రశ్న మీద ఆసక్తి తక్కువ. "ఎందుకు దొరకలేదు?" అన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన నగరంలో, దాదాపు పద్నాలుగు వేలమంది ఉన్న పోలీసు బలగం, ఒక చిన్న పేటలో ఒక మనిషిని ఎందుకు పట్టుకోలేకపోయింది? దీనికి జవాబు వెదుకుతూ పోతే హంతకుడి ముఖం కనబడదు గాని, ఆ నగరం ముఖం మాత్రం స్పష్టంగా కనబడుతుంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఆ పేట సంగతి. వైట్‌చాపెల్ లండన్ వర్తక కేంద్రమైన 'సిటీ'కి తూర్పున, గోడకు గోడగా ఉంటుంది. రేవులు, కబేళాలు, దర్జీ పని జరిగే ఇరుకు గదులు, వాటి మధ్య సందులు. 1881 తరువాత రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద జరిగిన దాడుల నుంచి పారిపోయి వచ్చినవారు వేల సంఖ్యలో ఇక్కడే తలదాచుకున్నారు. ఇల్లు అంటూ లేనివారికి రాత్రి బస ఇళ్ళు ఉండేవి. ఒక పొడవాటి గదిలో వరుసగా పరచిన మంచాలలో ఒక మంచం, ఒక రాత్రికి నాలుగు పెన్నీలు. పొద్దున్నే ఖాళీ చెయ్యాలి. మళ్ళీ రాత్రికి మళ్ళీ నాలుగు పెన్నీలు. 1888 అక్టోబరులో పోలీసులు వేసిన లెక్క ప్రకారం వైట్‌చాపెల్‌లో ఇటువంటి బస ఇళ్ళు 233. వాటిలో తలదాచుకునేవారు 8,530 మంది. అదే లెక్కలో, ఒళ్ళమ్ముకుని బతికే నిరుపేద స్త్రీలు 1,200 మంది ఉంటారని అంచనా కట్టారు.

ఈ నాలుగు పెన్నీలను గుర్తు పెట్టుకొమ్మని చదువరులను కోరుతున్నాను. కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఆగస్టు 7, 1888. జార్జ్ యార్డ్ భవనాలు అనే పేదల గృహసముదాయంలో తెల్లవారుజామున మూడున్నరకు ఒక బండి తోలేవాడు పని ముగించుకుని మేడమెట్లు ఎక్కుతున్నాడు. మొదటి అంతస్తు మలుపులో ఎవరో పడుకుని ఉన్నారు. అతడు ఆగలేదు. ఎందుకంటే ఆ మెట్ల మీద ఎవరో ఒకరు పడుకోవడం రోజూ చూసేదే. గంటకు పైగా గడిచాక మరొకతను దిగుతూ, కాస్త వెలుగు రావడంతో, కింద నెత్తురు చూశాడు. ఆమె పేరు మార్తా టాబ్రమ్. ఒంటి మీద 39 కత్తిపోట్లు. బండివాడిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. బతికున్నవాళ్ళు శవాల్లా మెట్ల మీద పడి ఉండడం మామూలైన చోట, శవాన్ని చూసి బతికున్న మనిషి అనుకోవడంలో వింతేముంది? ఒక పేటలో దారిద్ర్యం ఒక స్థాయి దాటితే, అది హత్యను కూడా కప్పిపుచ్చగలదు. పరిశోధనకు ఎదురైన మొదటి అడ్డంకి ఇదే.

ఆ నెలాఖరున, 31 తెల్లవారుజామున, బక్స్ రో అనే వీధిలో మేరీ ఆన్ నికల్స్ చనిపోయి కనబడింది. ఆమె ఒక ముద్రాయంత్ర కార్మికుడి భార్య, ఐదుగురు పిల్లల తల్లి. సంసారం విడిపోయాక వర్క్‌హౌస్‌ల పాలయింది. వర్క్‌హౌస్ అంటే పేదలకు కూడూ గూడూ ఇస్తూ, అది ఎవరికీ అలవాటు కాకూడదన్న ఉద్దేశంతో కావాలని జైలులా నడిపిన ప్రభుత్వ సత్రం. ఆ రాత్రి ఆమె దగ్గర మంచానికి నాలుగు పెన్నీలు లేవు. బస ఇంటివారు బయటికి పంపారు. సెప్టెంబరు 8న హాన్‌బరీ వీధి 29వ నంబరు ఇంటి పెరట్లో చనిపోయిన ఆనీ చాప్‌మన్‌ది కూడా అదే గతి. ఆమె భర్త బండి తోలే ఉద్యోగి. విడిపోయినా వారానికి పది షిల్లింగులు పంపేవాడు. 1886 చివరలో అతడు చనిపోవడంతో ఆ ఆధారమూ పోయింది. జబ్బుతో ఉన్న ఆ మనిషిని, పడక డబ్బులు లేవని అర్ధరాత్రి దాటాక వీధిలోకి పంపారు. ఆమె చనిపోయిన ఇంటిలో ఆ వేళ పదిహేడుమంది కాపురముంటున్నారు.

ఇక పోలీసులు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసు వ్యవస్థను 1829లో రాబర్ట్ పీల్ స్థాపించినప్పుడు దాని లక్ష్యం నేరస్థుణ్ణి కనిపెట్టడం కాదు, నేరం జరగకుండా చూడడం. అందుకు సాధనం గస్తీ. ప్రతి కానిస్టేబుల్‌కూ ఒక దారి గీసి ఇస్తారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, అదే దారిలో, అదే వేగంతో, నడుస్తూ ఉండాలి. ఫలానా సమయానికి ఫలానా మలుపులో ఉండాలి, సార్జెంటు వచ్చి సరిచూసుకుంటాడు. యూనిఫారం వేసుకున్న మనిషి తరచూ కనబడుతుంటే దొంగ భయపడతాడన్నది సిద్ధాంతం. మొదట మామూలు దుస్తులలో తిరిగే పోలీసులంటేనే ఆంగ్ల ప్రజకు ఏవగింపు. అది ఫ్రాన్స్ గూఢచారుల పద్ధతి అనుకునేవారు. అందుకే 1842 దాకా పరిశోధక విభాగమే లేదు. ఆ యేట పెట్టినప్పుడు అందులో ఎనిమిదిమంది. 1877లో ఆ విభాగపు పెద్దలే లంచాల కేసులో బోనెక్కారు. మరుసటి సంవత్సరం, 1878లో, దానిని రద్దుచేసి సి.ఐ.డి.ని ఏర్పరచారు. అంటే వైట్‌చాపెల్ హత్యల నాటికి ఆ సంస్థ వయసు పదేళ్ళు.

గస్తీ సిద్ధాంతంలో ఒక లొసుగు ఉంది. క్రమం తప్పకుండా వచ్చే కానిస్టేబుల్ దొంగకు భయం పుట్టిస్తాడు, నిజమే. కాని అదే క్రమం, ఓపికగా చూసేవాడికి, గడియారంలా కూడా పనికివస్తుంది. నికల్స్ పడి ఉన్న చోటు మీదుగా కానిస్టేబుల్ జాన్ నీల్ అరగంట ముందే నడిచి వెళ్ళాడు. అప్పుడు అక్కడ ఏమీ లేదు. మళ్ళీ తన చుట్టు పూర్తిచేసుకుని వచ్చేసరికి శవం ఉంది. అతనికంటే ముందే దారిన పోయే ఇద్దరు కూలీలు ఆమెను చూసి, పనికి ఆలస్యమవుతోందని, దారిలో కనబడ్డ మరో కానిస్టేబుల్‌కు చెప్పి వెళ్ళిపోయారు. ఆ రెండో కానిస్టేబుల్ ఆ సమయంలో ఏం చేస్తున్నాడో తెలుసా? ఇళ్ళ తలుపులు తట్టి మనుషులను నిద్ర లేపుతున్నాడు! గడియారం కొనుక్కోలేని కార్మికులను వేళకు పనికి లేపడం ఆ కాలపు పోలీసులకు ఒక చిన్న పైరాబడి. అతడు అప్పటికే మొదలుపెట్టిన ఇంటిని లేపి, ఆ తరువాతనే కదిలాడు. నాకు ఇందులో నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆ పేటలో పోలీసు ఎంతగా జనంలో కలిసిపోయాడో, పరిశోధనకు ఎంత దూరంగా ఉన్నాడో ఈ ఒక్క దృశ్యం చెబుతుంది.

దీని పరాకాష్ఠ సెప్టెంబరు 30 రాత్రి. ఒంటిగంట వేళ బెర్నర్ వీధిలో ఎలిజబెత్ స్ట్రైడ్ అనే స్వీడన్ దేశపు స్త్రీ శవం దొరికింది. సరిగ్గా ఆ సమయానికే, అక్కడికి కొద్ది దూరంలో, సిటీ పోలీసుల బిషప్స్‌గేట్ ఠాణా నుంచి కేథరిన్ ఎడోస్ అనే మరొక స్త్రీని విడిచిపెడుతున్నారు. అంతకుముందు రాత్రి ఎనిమిదిన్నరకు తప్పతాగి వీధిలో పడిపోయినందుకు తెచ్చి కొట్లో పెట్టారు. మత్తు దిగింది కనుక, ఆనవాయితీ ప్రకారం, వదిలేశారు. రాత్రి ఒంటిగంటకు, చేతిలో పైసా లేని స్త్రీని! అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. ఠాణా గదే ఆ రాత్రికి ఆమెకు దొరికిన ఉచితమైన పడక అని మాత్రం ఎవరికీ తోచలేదు.

మైటర్ స్క్వేర్ అనే చిన్న చౌకు సిటీ పోలీసు కానిస్టేబుల్ ఎడ్వర్డ్ వాట్కిన్స్ గస్తీలో ఉంది. అతని చుట్టు పూర్తి కావడానికి పన్నెండు నుంచి పద్నాలుగు నిమిషాలు పడుతుంది. ఒకటిన్నరకు లాంతరు వేసి మూలలన్నీ చూశాడు, ఎవరూ లేరు. ఒంటిగంటా నలభైనాలుగుకు మళ్ళీ వచ్చాడు. ఎడోస్ శవమై ఉంది. ఆ చౌకులోనే ఒక గిడ్డంగిలో కావలిదారు మెలకువగా ఉన్నాడు, అతడు విశ్రాంత పోలీసు. అదే చౌకులోని ఒక ఇంట్లో ఒక పోలీసు కానిస్టేబుల్ కుటుంబంతో నిద్రపోతున్నాడు. ఎవరికీ ఏ అలికిడీ వినబడలేదు. వాట్కిన్స్ తన విధిని అక్షరాలా నిర్వర్తించాడు. వ్యవస్థ ఎలా పనిచెయ్యాలని పీల్ అనుకున్నాడో అలాగే పనిచేసింది. అయినా ఆ పద్నాలుగు నిమిషాలు హంతకుడికి చాలాయి. బాధ్యత మరచిన పోలీసు కథ అయితే సులువుగా తిట్టి ఊరుకోవచ్చు. ఇది బాధ్యత నెరవేర్చిన పోలీసు కథ కాబట్టే నన్ను కలవరపెడుతుంది.

ఆ రాత్రి ఇంకా ముగియలేదు. 2.55కు గౌల్‌స్టన్ వీధిలో ఒక గుమ్మంలో నెత్తురంటిన గుడ్డముక్క దొరికింది. అది ఎడోస్ ముందుగుడ్డ నుంచి కోసినది. పైన గోడ మీద సుద్దతో యూదుల ప్రస్తావన ఉన్న ఒక వాక్యం. అది హంతకుడు రాసినదో, అంతకుముందే ఎవరో రాసి పెట్టినదో తేల్చడానికి దారిలేదు. హత్య జరిగినది సిటీ పోలీసుల పరిధిలో, గోడ ఉన్నది మెట్రోపాలిటన్ పోలీసుల పరిధిలో. ఒకరు సిటీ కార్పొరేషన్‌కు జవాబుదారీ, మరొకరు హోం మంత్రికి. సిటీ వారు ఫోటో తీయించాలన్నారు. మెట్రోపాలిటన్ కమిషనర్ సర్ చార్లెస్ వారెన్ స్వయంగా వచ్చి, వెలుతురు రాకముందే దానిని తుడిపించేశాడు.

దీనిని చరిత్రకారులు చాలామంది క్షమించరాని తప్పుగా రాస్తారు. నా అభిప్రాయం వేరు. ఆ రోజు ఆదివారం. ఆ వీధి పక్కనే పెటికోట్ లేన్ సంత. కొద్ది గంటల్లో వేలాదిమంది వచ్చి చేరతారు. మూడు వారాల ముందు 'తోలు ఏప్రన్' అనే మారుపేరుతో పత్రికలు ఒక యూదు చెప్పుల పనివాడిని హంతకుడిగా చిత్రిస్తే, వీధుల్లో యూదులందరికీ బెదిరింపులు ఎదురయ్యాయి. పోలీసులు అతణ్ణి పట్టుకుని, నిర్దోషి అని తేల్చి వదిలారు. ఆ వాతావరణంలో ఆ గోడరాత కొన్ని ప్రాణాలు తీసి ఉండేదేమో. ఒక ఆధారం పోయింది, ఒక అల్లరి తప్పింది. మనదేశంలో అల్లర్ల చరిత్ర తెలిసినవాళ్ళం, ఆ నిర్ణయాన్ని తేలికగా కొట్టిపారెయ్యలేం. అయితే గోడను కాసేపు గుడ్డతో కప్పి, వెలుగు రాగానే ఫోటో తీసి, ఆపైన తుడవవచ్చు కదా అన్న ప్రశ్నకు వారెన్ వద్ద గట్టి జవాబు లేదు. రెండు పోలీసు బలగాలకు ఒకే అధికారి ఉండి ఉంటే ఆ మధ్యేమార్గం దొరికేదని నా ఊహ.

ఆధారాల విషయానికి వస్తే మరింత దయనీయం. వైట్‌చాపెల్‌లో సరైన శవాగారమే లేదు. ఉన్నది వర్క్‌హౌస్‌కు చెందిన ఒక పాక. నికల్స్ శవాన్ని అక్కడికి చేర్చాక, వర్క్‌హౌస్‌లో ఉండే ఇద్దరు పేదలు వైద్యపరీక్ష కాకముందే బట్టలు విప్పి, ఒళ్ళు కడిగేశారు. ముట్టుకోవద్దని చెప్పామని పోలీసులు, మాకెవరూ చెప్పలేదని వారు. కడుపు మీది గాయాలు ఘటనా స్థలంలో వైద్యుడి కంటబడలేదు, పాకలో ఒక ఇన్‌స్పెక్టర్ చూసేదాకా ఎవరికీ తెలియదు. కరోనర్ వైన్ బాక్స్‌టర్ విచారణలో ఈ శవాగారం లేమి గురించి గట్టిగానే మందలించాడు. అంత సంపన్నమైన నగరం తన పేద పేటలో చచ్చినవారికి ఒక గది కట్టించలేదు.

మరకలోని నెత్తురు మనిషిదో జంతువుదో నిక్కచ్చిగా చెప్పే పరీక్ష 1901లో గాని రాలేదు. కసాయివాళ్ళు నెత్తుటి బట్టలతో వీధుల్లో తిరిగే పేటలో ఇదెంత లోటో ఊహించండి. ఇక వేలిముద్రలు. ఈ మాట దగ్గర మనవాళ్ళం కాస్త ఆగాలి. మన ఊళ్ళలో వేలిముద్ర అంటే సంతకం రాని నిరక్షరాస్యుడి నిశాని. దానినే మనిషిని పట్టిచ్చే శాస్త్రంగా మార్చే పనిలో పెద్ద భాగం జరిగినది మన దేశంలోనే. 1858లోనే బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక గుత్తేదారు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. నేరస్థలంలోని వేలిముద్రలతో నేరస్థుణ్ణి గుర్తించవచ్చని హెన్రీ ఫాల్డ్స్ 1880లో 'నేచర్' పత్రికకు రాశాడు. అంటే ఆలోచన 1888కి ముందే ఉంది. కాని వేల ముద్రలను వర్గీకరించి, కావలసినది వెదికి తీసే పద్ధతి లేదు. ఆ పద్ధతిని బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ దగ్గర పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ రూపొందించారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల విభాగం వెలిసింది. 1901లో హెన్రీ దానిని లండన్‌కు తీసుకువెళ్ళాడు. పద్ధతికి పేరు హెన్రీదే నిలిచింది. ఇంగ్లండులో వేలిముద్ర ఆధారంగా హత్యానేరం రుజువైనది 1905లో. మన 'నిశాని' వైట్‌చాపెల్‌కు పదమూడేళ్ళు ఆలస్యంగా చేరిందన్నమాట.

బెంగాల్ బంధం ఇంతటితో ఆగలేదు. స్కాట్లండ్ యార్డులో అప్పటి సి.ఐ.డి. అధిపతి జేమ్స్ మన్రో అంతకుముందు బెంగాల్‌లో పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్. తనకు సహాయకుడిగా బెంగాల్ తేయాకు తోటల్లో పరిచయమైన మెల్విల్ మాక్‌నాటెన్‌ను తెచ్చుకోవాలనుకుంటే వారెన్ అడ్డుపడ్డాడు. వారెన్ సైనికుడు. 1887 నవంబరు 13న ట్రఫాల్గర్ చౌకులో నిరుద్యోగుల, సామ్యవాదుల ప్రదర్శనను సైన్యం సాయంతో చెదరగొట్టి, తూర్పు లండన్ పేదల పాలిట విలన్ అయినవాడు. ఇద్దరికీ పొసగక, సరిగ్గా హత్యలు మొదలైన ఆ ఆగస్టులో మన్రో రాజీనామా చేశాడు. ఆయన స్థానంలోకి వచ్చిన రాబర్ట్ ఆండర్సన్ ఆనీ చాప్‌మన్ హత్య జరిగిన రోజుల్లోనే ఆరోగ్యం బాగుపడడానికి స్విట్జర్లాండు వెళ్ళాడు! వారెన్ కూడా అనుమతి లేకుండా పత్రికకు వ్యాసం రాసినందుకు హోం మంత్రి మందలించగా నవంబరులో రాజీనామా ఇచ్చాడు. ఆ మరునాడే, నవంబరు 9న, డోర్సెట్ వీధి పక్క సందులో మేరీ జేన్ కెల్లీ హత్య బయటపడింది. ఇరవై తొమ్మిది షిల్లింగుల అద్దె బాకీ వసూలుకు వచ్చిన మనిషి కిటికీ లోంచి తొంగిచూసి ఆమెను కనుగొన్నాడు. వేటకుక్కలు వస్తాయేమోనని పోలీసులు మధ్యాహ్నం ఒకటిన్నర దాకా తలుపు తెరవకుండా బయటే నిలబడ్డారు. కుక్కలు రాలేదు. అవి వచ్చే ఏర్పాటే లేదని అక్కడున్నవారికి తెలియదు.

అలాగని కింది పోలీసులు కష్టపడలేదనడం అన్యాయం. ఇన్‌స్పెక్టర్ స్వాన్సన్ అక్టోబరు 19న సమర్పించిన నివేదిక చూడండి. 80,000 కరపత్రాలు ఇంటింటికీ పంచారు. మూడు వందల మందికి పైగా కదలికలను ఆరా తీశారు. దాదాపు 80 మందిని నిర్బంధించి ప్రశ్నించారు. 76 మంది కసాయివాళ్ళ దుకాణాలకూ కబేళాలకూ వెళ్ళి పనివాళ్ళ గురించి వాకబు చేశారు. ఓడల్లోని నావికులనూ, లండన్‌లోని ఆసియా దేశాలవారినీ విచారించారు. ఆ పేటలో పద్నాలుగేళ్ళు పనిచేసి సందుసందునా ఎరిగిన ఫ్రెడరిక్ అబర్‌లైన్‌ను రప్పించారు. అన్నీ చేశారు. కాని హంతకుడికీ హతురాలికీ పరిచయమే లేని చోట, చూసినవాడు లేని చోట, ఆనాటి పరిశోధనకు పట్టుకొమ్మ ఏదీ లేదు. అప్పటి పోలీసు నేరాన్ని ఛేదించే మార్గాలు మూడే: చేతికి చిక్కడం, ఎవరో చెప్పడం, నేరస్థుడే ఒప్పుకోవడం. మూడూ జరగలేదు.

చెప్పేవారు రావాలంటే బహుమతి ప్రకటించమని స్థానికులు మొరపెట్టుకున్నారు. డబ్బుకోసం అమాయకులను ఇరికిస్తారన్న భయంతో 1884 నుంచి హోం శాఖ బహుమతులు మానేసింది, ససేమిరా అంది. ఆ భయంలో అర్థముంది. కాని సిటీ వారు 500 పౌన్లు ప్రకటించారు కదా, మేం చచ్చినా పట్టదా అని పేటవాసులు అనుకోవడంలోనూ అర్థముంది. ఇక పత్రికలు. 'జాక్ ది రిప్పర్' అన్న సంతకంతో ఒక వార్తాసంస్థకు వచ్చిన ఉత్తరాన్ని చేతిరాత గుర్తుపడతారేమోనని పోలీసులే గోడపత్రికలుగా వేశారు. చేతిరాతను ఎవరూ గుర్తుపట్టలేదు గాని, దానిని అనుకరిస్తూ వందల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ప్రతిదీ చదవాలి, ప్రతిదానికీ మనిషిని పంపాలి. అది ఒక పత్రికా రచయిత పనేనని పోలీసు పెద్దలు తరువాత తమ జ్ఞాపకాలలో రాసుకున్నారు. అది నిజమైతే, హంతకుడికి పేరు పెట్టినది హంతకుడు కాదు, పత్రికల అమ్మకాల ఆశ.

పోలీసు దస్త్రంలో ఉన్నవి ఐదు హత్యలు కావు, పదకొండు. 1888 ఏప్రిల్‌లో ఎమ్మా స్మిత్‌తో మొదలై 1891 ఫిబ్రవరి 13న ఫ్రాన్సెస్ కోల్స్‌తో ముగుస్తుంది. ఆఖరిదానిలో ఒక ఘట్టం ఉంది. ఎర్నెస్ట్ థాంప్సన్ అనే కానిస్టేబుల్ ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా నిండలేదు. రాత్రి వంతెన కింది దారిలో నడుస్తుంటే ఎవరో తొందరలేకుండా దూరంగా వెళుతున్న అడుగుల చప్పుడు. అంతలో నేల మీద ఆమె. కళ్ళు ఇంకా కదులుతున్నాయి. ప్రాణం ఉన్న మనిషిని వదిలి కదలరాదని నిబంధన. అతడు ఉండిపోయాడు, అడుగులు వెళ్ళిపోయాయి. ఆమె బతకలేదు. 1900లో ఒక గొడవ ఆపబోయి థాంప్సన్ కత్తిపోటుకు బలైపోయాడు. నన్నడిగితే ఆ రాత్రి అతడు చేసినదే సరి. చనిపోతున్న ఆ స్త్రీ పక్కన ఆ చివరి క్షణాల్లో ఎవరో ఒకరు నిలబడ్డారు. ఈ మొత్తం చరిత్రలో అటువంటి క్షణం అరుదు.

పదకొండు ఐదుగా ఎలా మారాయి? 1889లో ఎట్టకేలకు ఉద్యోగంలో చేరిన ఆ తేయాకు తోటల మాక్‌నాటెన్, 1894లో ఒక రహస్య నివేదిక రాస్తూ, హంతకుడి ఖాతాలో ఐదుగురే అని తీర్మానించాడు. ముగ్గురు అనుమానితుల పేర్లూ ఇచ్చాడు. వారిలో ఒకడు హత్యల సమయంలో ఫ్రాన్సులో జైలులో ఉన్నట్టు తరువాత తేలింది. అయినా 'ఐదుగురు' అన్న లెక్క మాత్రం స్థిరపడిపోయింది. మిగిలిన ఆరుగురు చరిత్ర అంచుల్లోకి జారిపోయారు. హంతకుడు ప్రసిద్ధుడు కాని హత్యకు పాఠకులుండరు మరి.

ఆ ఐదుగురి గతి మాత్రం ఏమంత మెరుగు? శతాబ్దం పాటు వారు 'ఐదుగురు వేశ్యలు'. 2019లో హ్యాలీ రూబెన్‌హోల్డ్ 'ది ఫైవ్' అనే గ్రంథంలో వారి పుట్టుక, పెళ్ళి, పిల్లలు, చదువు, పతనం అన్నీ తవ్వి తీసి, వారిలో ముగ్గురు ఒళ్ళమ్ముకుని బతికినట్టు గట్టి సాక్ష్యమే లేదని వాదించారు. దానితో ఏకీభవించనివారూ ఉన్నారు. నాకు తోచేది మరొకటి: వారు వేశ్యలైతే మాత్రం ఏం? నాలుగు పెన్నీలు లేక వీధిలో తిరిగే స్త్రీని చూసి ఆనాటి పోలీసుకు, పత్రికకు, పాఠకుడికి ఒకే మాట తోచింది. ఆ మాట తోచిన తరువాత ఇక ఏ ప్రశ్నా తోచలేదు. రాత్రి ఒంటిగంటకు ఆమె ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న అసలే తోచలేదు.

హత్యల తరువాత ఏమీ మారలేదని కాదు. బెర్నార్డ్ షా 1888 సెప్టెంబరులోనే 'స్టార్' పత్రికకు రాసిన ఉత్తరంలో, సంస్కర్తలు ఏళ్ళ తరబడి మొత్తుకున్నా జరగని పనిని ఒక హంతకుడు చేశాడని వ్యంగ్యంగా ఎత్తిపొడిచాడు. నిజంగానే దృష్టి మళ్ళింది. వచ్చిన దశాబ్దంలో పాత బస ఇళ్ళు కొన్ని కూలి, వాటి స్థానంలో కొత్త గృహసముదాయాలు లేచాయి. అయితే వాటి వారపు అద్దె నిలకడైన పని ఉన్నవారికే అందేది. నాలుగు పెన్నీల వాళ్ళు పక్క వీధికి జరిగారు. అవమానం పోవాలని బక్స్ రో పేరు 1892లోనూ, డోర్సెట్ వీధి పేరు 1904లోనూ మార్చేశారు. వీధులకు కొత్త పేర్లు దొరికాయి. 2015లో స్త్రీల చరిత్రకు ప్రదర్శనశాల కడతామని అనుమతి తీసుకున్న ఒక భవనం తెరిచేసరికి హంతకుడి పేరిట ప్రదర్శనశాలగా తేలింది. పేరు తెలియని వాడి పేరు బోర్డెక్కింది.

హంతకుడెవరో రేపు ఒక పరీక్షలో తేలిపోయినా, ఈ కథలో తేలవలసినవి చాలా మిగిలే ఉంటాయని నాకనిపిస్తుంది. ఆ ఏడు మంచం కిరాయి నాలుగు పెన్నీలు. పోలీసుల విచారణకు, కరపత్రాలకు, అదనపు గస్తీకి, వేటకుక్కల పరీక్షలకు ఆ నగరం ఖర్చుపెట్టిన దానితో ఎన్ని మంచాలు వచ్చేవో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. నికల్స్‌కూ చాప్‌మన్‌కూ కావలసినది ఒక్కొక్క మంచమే.